ఆఫర్ లెటర్ వచ్చింది, బెంగళూరుకు పోవాలా వద్దా?

(అనంతపురంలో చివరి ఏడాది విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడ కొంచెం సర్ది రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలతో పాటు అమ్మానాన్నలు కూడా వచ్చినారు, చాలా సంతోషం, ఎందుకంటే ఇది పిల్లలు ఒక్కరే గదిలో కూర్చుని తేల్చుకునే విషయం కాదు, పెద్దవాళ్లు ఒక్కరే తేల్చేసేది అంతకన్నా కాదు.

నేను బెంగళూరులో చాలా ఏళ్లు పేరోల్‌లో పనిచేశాను, అంటే నెలనెలా జీతాలు లెక్కగట్టి వేసే పని. కొత్తగా చేరిన పిల్లలు మొదటి జీతం పడిన రోజు మా డెస్క్ దగ్గరికి వచ్చి, "మేడమ్, ఏదో పొరపాటు జరిగినట్టుంది, తక్కువ పడింది" అనేవాళ్లు. పొరపాటు ఏమీ ఉండేది కాదు. ఆఫర్ లెటర్‌లో ఉన్నదే పడేది, ఆ లెటర్‌ను చేరకముందు ఎవరూ చదివి ఉండరు, అంతే. వాళ్లలో మన అనంతపురం, కడప, కర్నూలు పిల్లలు ఎంతమందో. అప్పటికే ఇంట్లో ఇంత పంపిస్తానని మాట ఇచ్చేసి ఉంటారు. ఆ మాట ఎట్లా నిలబెట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడిపోయేవాళ్లు. అందుకే ఈ సంగతి ఊరు వదలకముందే, ఇక్కడే మాట్లాడుకోవాలని నాకు గట్టిగా ఉంది.

ఊరు వదలడం మన ప్రాంతానికి కొత్త కాదు. వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ప్రతిసారీ కదిరి వైపు పల్లెల నుంచి బెంగళూరుకు కూలి పనులకు పోయినవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. కర్నూలు పడమటి వైపు కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో ఇప్పటికీ ఇంటికి తాళం వేసి, బడికి పోయే పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. వాళ్లకు పోవాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. మీ చేతిలో కాగితం ఉంది, చేరే తేదీ ఉంది, వద్దనుకునే వీలు కూడా ఉంది. ఆ వీలు మీకు ఊరికే రాలేదు, కూలికి పోయి మిమ్మల్ని చదివించిన తరం సంపాదించి పెట్టింది. క్లాసులో అందరూ పోతున్నారు కాబట్టి నేనూ పోతా అని దాన్ని వాడేయకండి.

సరే, కాగితం చూద్దాం. ఒక ఆఫర్ లెటర్ అనుకుందాం, సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, ఏడాదికి 4 లక్షల 20 వేలు. ఇంట్లో అందరూ వెంటనే పన్నెండుతో భాగిస్తారు, నెలకు 35 వేలు. పక్కింటివాళ్లకు కూడా 35 వేలనే చెప్తారు. ఇప్పుడు పెన్ను తీసి నాతో పాటు రాయండి. అందులో పది శాతం వేరియబుల్ పే అని ఉంటుంది, అంటే నెలకు 3,500, అది ఏడాది చివర మీ పని, కంపెనీ లాభం చూసి ఇస్తారు, పూర్తిగా రావచ్చు, సగమే రావచ్చు, నెలనెలా అయితే రాదు. మిగిలింది 31,500. కంపెనీ వాటా పీఎఫ్, అంటే ప్రావిడెంట్ ఫండ్, కూడా సీటీసీలోనే కలిపి చూపిస్తారు, 15 వేల పరిమితి మీదే కట్టే కంపెనీ అనుకుంటే అది 1,800. గ్రాట్యుటీ, అంటే కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు, అని బేసిక్‌లో, అంటే మూల జీతంలో, 4.81 శాతం చూపిస్తారు, బేసిక్ 17,500 అనుకుంటే సుమారు 840. గ్రూప్ ఇన్సూరెన్స్‌కు ఒక 500 వేసుకోండి. ఇవన్నీ తీసేస్తే 28,360, పే స్లిప్‌లో గ్రాస్ అని కనిపించేది ఇది. ఇందులోంచి మళ్లీ మీ వాటా పీఎఫ్ 1,800 కట్, కర్ణాటకలో ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కట్. ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి భయపడొద్దు, కొత్త విధానంలో జీతగాళ్లకు ఏడాదికి పన్నెండు లక్షల 75 వేల దాకా పడదు. బ్యాంకులో పడేది 26,360.

35 ఎక్కడ, 26 ఎక్కడ! ఇందులో మోసం ఏమీ లేదు, పీఎఫ్ డబ్బు మీదే, ఎప్పటికైనా మీకే వస్తుంది. కానీ నెల గడవాల్సింది ఆ 26 వేలతోనే.

ఇప్పుడు ఖర్చు. ముగ్గురుండే గదిలో ఒక మంచం, భోజనంతో కలిపి పీజీకి, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్‌కు, 9 వేలు వేసుకోండి, ఆఫీసు దగ్గరైతే ఇంకా ఎక్కువే అడుగుతారు. ఆఫీసుకు పోయి రావడానికి రెండున్నర వేలు. పీజీ భోజనం కొన్నాళ్లకు నోటికి ఎక్కదు, బయట తింటారు, ఆ టీలు టిఫిన్లు కలిపి మూడున్నర వేలు. నెలలో రెండుసార్లు ఇంటికి వస్తే 2 వేలు. ఫోను, బట్టలు, సబ్బులు, మందులు అన్నీ కలిపి ఇంకో 2 వేలు. మొత్తం 19 వేలు. మిగిలేది 7 వేల చిల్లర. చదువు కోసం బ్యాంకులో లోన్ తీసుకుని ఉంటే, చదువు అయిన ఆర్నెల్లకో ఏడాదికో కంతులు మొదలవుతాయి, ఆ కంతు 6 వేలు అనుకుంటే చేతిలో నిలిచేది వెయ్యి, పదమూడు వందలు.

అదే పిల్లోడు ఇక్కడే ఇంట్లో ఉండి 16 వేల జీతానికి చేరితే? అద్దె లేదు, అమ్మ చేతి సంగటి ఉంది, 21 వేల లోపు జీతం కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, వస్తుంది, ఆ జీతం మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా అందులో వైద్యం అందుతుంది. ఖర్చులు పోను ఎనిమిది, తొమ్మిది వేలు మిగిలినా ఆశ్చర్యం లేదు. అంటే మొదటి ఏడాది లెక్క ఒక్కటే చూస్తే బెంగళూరు కన్నా అనంతపురమే మేలు. మన పెద్దవాళ్లు "యాడికి పోయినా కూటికే గదప్పా, ఈడనే ఉండరాదా" అంటారు చూడండి, మొదటి ఏడాదికి ఆ మాట అక్షరాలా నిజం.

మరి ఎందుకు పోవాలి? దీనికి నా జవాబు ఒక్కటే. మొదటి ఉద్యోగాన్ని చూసి కాదు, రెండో ఉద్యోగాన్ని చూసి ఊరు ఎంచుకోండి. ఈ ఉద్యోగం పోయింది, లేదా రెండేళ్లకు నేర్చుకోవడానికి ఇంకేం మిగల్లేదు, అప్పుడు రెండోది ఎక్కడ దొరుకుతుంది? ఉన్నచోటు నుంచి సామాను కదపకుండా దొరుకుతుందా, ఇంకో రాష్ట్రానికి పోవాలా? పెద్ద నగరం ఇచ్చేది ప్రధానంగా ఇదే. మీరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉంటే మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటూనే చుట్టుపక్కల ఎన్నో కంపెనీలకు ఇంటర్వ్యూకు పోవచ్చు. పక్క మంచం మీద ఉండే పిల్లాడు వాళ్ల కంపెనీలో రిఫర్ చేస్తాడు. ఆ పిల్లాడితో పరిచయం ఇక్కడ ఇంట్లో కూర్చుంటే ఎట్లా వస్తుంది? మన దగ్గర ఆ పనికి అన్ని కంపెనీలు లేవు, ఉన్న ఒక్కటీ మూతపడితే మళ్లీ మొదటికొస్తారు.

కానీ అన్ని చదువులకూ ఇది వర్తించదు, ఇక్కడే చాలామంది తడబడతారు. మెకానికల్, డిప్లొమా చదివినవాళ్లు ఉన్నారా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది, దాన్ని ఆనుకుని విడిభాగాల కంపెనీలు వచ్చాయి. అంటే ఆ పనికి మన పక్కనే రెండో ఉద్యోగం, మూడో ఉద్యోగం ఉన్నాయి. బెంగళూరులో ఏదో కాల్ సెంటర్‌లో 18 వేలకు చేరే బదులు అక్కడ లైన్ మీద పని నేర్చుకున్నవాడు నాలుగేళ్ల తర్వాత ఎక్కడున్నాడో చూడండి. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, కెమిస్ట్రీ చదివి ల్యాబ్‌లో, క్వాలిటీలో పనిచేసేవాళ్లకు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే దారి ఉంది. సోలార్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల పార్కు ఉంది, ఎన్‌పీ కుంటలో ఉంది, పేరు పెద్దదే. కానీ ప్యానెళ్లు బిగించేటప్పుడు వందలమంది కావాలి, బిగించాక నడపడానికి కొద్దిమంది చాలు. కాబట్టి ఆ ఆఫర్ వస్తే నిర్మాణం పనికా, నడిపే పనికా అని అడగండి. నర్సింగ్ చదివినవాళ్లకు నగరంలో పెద్ద ఆసుపత్రిలో రెండేళ్లు ఐసీయూలో చేసిన అనుభవానికి ఎక్కడికి పోయినా విలువ ఉంటుంది, వాళ్లు పోవడమే మంచిదని నా అభిప్రాయం.

రెండో ఉద్యోగం అన్నాను కాబట్టి, దాన్ని ముందే చెడగొట్టే మూడు విషయాలు కూడా చెప్పాలి. నోటీస్ పీరియడ్, అంటే మానేస్తానని చెప్పాక ఇంకా పనిచేయాల్సిన రోజులు, చూడండి. కొన్ని కంపెనీల్లో అది 90 రోజులు. కొత్త కంపెనీ వెంటనే చేరేవాళ్లను అడుగుతుంది, మీరు మూడు నెలలు ఆగమంటారు, అవకాశం ఇంకొకరికి పోతుంది. ఫ్రెషర్‌గా దాన్ని మార్పించలేకపోవచ్చు, కానీ తెలిసి చేరండి. ఇంకోటి బాండ్, ఇన్నాళ్లు పనిచేస్తాను, ముందే మానేస్తే ఇంత కడతాను అని రాసిచ్చే కాగితం. బాండ్లు కోర్టులో చెల్లవని సీనియర్లు చెప్తుంటారు, నమ్మొద్దు. మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో సమర్థించింది. ప్రతి బాండూ చెల్లుతుందని దాని అర్థం కాదు, కానీ సంతకం పెట్టేముందు ఎంత మొత్తం, ఎన్ని నెలలు, దేనికి అన్నది చదవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచుకుంటాం అంటే ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

మూడోది చెప్పడానికి నాకు బాధగానే ఉంటుంది. బ్యాక్‌డోర్. లక్షో రెండు లక్షలో కడితే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు. అమ్మానాన్నలు ఎద్దులు అమ్మి, నగలు తాకట్టు పెట్టి కట్టిన డబ్బు అది. ఉద్యోగం రాలేదా, డబ్బు పోయింది. వచ్చిందా, ఆ తర్వాతి కంపెనీలో వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు తీస్తారు. మీరు మూడేళ్లు చేశానని రాసిన చోట ఒక్క నెల పీఎఫ్ కూడా ఉండదు. ఆ రోజుతో మీ పేరు పోతుంది. ఉద్యోగానికి ముందే డబ్బు అడిగారంటే, డిపాజిట్ అననీ, ట్రైనింగ్ ఫీజు అననీ, లాప్‌టాప్ ఛార్జీ అననీ, ఆ ఫోన్ అక్కడితో పెట్టేయండి.

దూరం గురించి. మనకు బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు, నాలుగు గంటలు. 2023 సెప్టెంబర్ నుంచి కాచిగూడ-యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలు, అనంతపురం, ధర్మవరంలలో ఆగుతోంది. దగ్గరే కదా, శుక్రవారం వచ్చేస్తాడు సోమవారం పోతాడు అని అమ్మలు ధైర్యం చెప్పుకుంటారు. నాలుగు గంటల్లో బస్సు చేరేది హెబ్బాళకు. అక్కడి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి నగరం అంతా దాటుకుని పోవాలి, ట్రాఫిక్ ఉంటే ఇంకో రెండు గంటలు. ప్రతి వారం వచ్చే పిల్లలు ఆదివారం రాత్రి బస్సులో నిద్ర లేక, సోమవారం నేరుగా ఆఫీసుకు పోయి, మంగళవారానికి గానీ మనిషి కారు. శనివారాలు కొత్తది నేర్చుకోవడానికి, నలుగురిని కలవడానికి పనికొచ్చేవి, అవి ఎన్‌హెచ్ 44 మీద అయిపోతాయి. అట్లాంటప్పుడు నగరానికి పోయి ఏం లాభం? ఖర్చు నగరానిది, పరిచయాలు మళ్లీ ఊరివే. పోతే మొదటి ఏడాది గట్టిగా అక్కడే ఉండండి, నెలకొకసారి రండి. అమ్మలూ, మీరు కూడా ప్రతి శుక్రవారం "బయలుదేరినావా" అని ఫోన్ చేయకండి, వాడికి అక్కడ కాలు నిలవదు.

ఇల్లు వెతికేటప్పుడు ఊరి పేరు చూసి కాదు, మెట్రో చూసి వెతకండి. వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ 2023 అక్టోబర్‌లో పూర్తయింది, ఆర్‌వీ రోడ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ 2025 ఆగస్టులో వచ్చింది. పీజీకి పోయినప్పుడు సాయంత్రం పోయి ట్యాప్ తిప్పి చూడండి, నీళ్లు ఎక్కడివని అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి బెంగళూరు ఎంత ఇబ్బంది పడిందో అందరం చూశాం. మంచం పక్కన బీరువాకు తాళం ఉందా, ప్లగ్ పాయింట్ పనిచేస్తుందా, ఖాళీ చేస్తే అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు, ఇవి అడిగి రాయించుకోండి. పెళ్లయి కుటుంబంతో పోయేవాళ్లకు అడ్వాన్స్ పెద్ద దెబ్బ. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె అడిగితే, బెంగళూరులో ఐదారు నెలలది అడిగేవాళ్లు చాలామంది, పది నెలల అలవాటు కూడా పూర్తిగా పోలేదు. 20 వేల అద్దె ఇల్లయితే చేరేముందే లక్ష చేతిలో ఉండాలి.

భాష గురించి మనకు దిగులు అక్కర్లేదు. మడకశిర, రాయదుర్గం వైపు పిల్లలకు కన్నడం ఇంట్లోనే వచ్చు. రానివాళ్లు నేర్చుకోండి, అక్కడ తెలుగుతో గడిచిపోతుంది కదా అని వదిలేయొద్దు.

ఇప్పుడు ఇంటి సంగతి. దీని గురించి ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. ఇన్నాళ్లూ ఆ పిల్లోడు ఇంట్లో ఏమేం చేస్తున్నాడు? జేజిని నెలకొకసారి షుగర్ పరీక్షకు తీసుకుపోతున్నాడు. కరెంటు బిల్లు కడుతున్నాడు. నాన్న ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చదివి చెప్తున్నాడు. తోటలో మోటరు కాలిపోతే మెకానిక్‌ను తీసుకొస్తున్నాడు. పోయాక ఇవి ఎవరి మీద పడతాయి? ఎక్కువ ఇళ్లలో ఎవరినీ అడగకుండానే చెల్లెలి మీద పడతాయి, ఆ పిల్ల చదువు పక్కకు పోతుంది. అన్న ఉద్యోగానికి అసలు ఖర్చు కట్టింది ఆమె, ఆ ఖర్చు ఏ లెక్కలోనూ రాదు. అందుకే ఒక సాయంత్రం అందరూ కూర్చుని ఎవరు ఏం చూసుకుంటారో, నెలకు ఎంత పంపగలరో బయటికి మాట్లాడుకోండి. ఆ 26 వేల లెక్క కాగితం నాన్న ముందు పెట్టండి. అబద్ధం 35 వేలు మోసుకుంటూ తిరగడం కంటే అది ఎంతో సులువు.

ఊళ్లోనే ఉంటామనేవాళ్లకు కూడా ఒక మాట. ఉండటం మంచి నిర్ణయమే, కానీ నిర్ణయంగా ఉండండి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుతూ ఉండిపోయేవాళ్లు తేదీ పెట్టుకోవాలి. 2018 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. మధ్యలో అన్నేళ్లు ఈ ఊరి లైబ్రరీల్లో గడిపినవాళ్లు మనకు తెలుసు, వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను, ఆ ఆలస్యం వాళ్ల తప్పు కాదు. కానీ నోటిఫికేషన్ మీ చేతిలో లేదు, కాబట్టి పక్కన ఒక పని, చిన్నదైనా సరే, చేస్తూ చదవండి.

ఇంక ప్రశ్నలు అడగండి.

(ఒక తండ్రి: "మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె మేడమ్. ఒక్కతే బిడ్డ. ఆఫర్ వచ్చింది గానీ రాత్రి షిఫ్టు అంటున్నారు. పంపమంటారా?")

అన్నా, ముందు పాపను అడిగినారా? ఆమెకు పోవాలని ఉందా? ఉందంటే, కంపెనీకి మెయిల్ రాయించండి, రాత్రి షిఫ్టుకు క్యాబ్ పీజీ గేటు దాకా వస్తుందా, దాంట్లో గార్డు ఉంటాడా అని. రాత్రి పనిచేసే ఆడవాళ్లకు రవాణా, భద్రత కంపెనీయే చూడాలని నిబంధనలు ఉన్నాయి, అడగడానికి మొహమాటం వద్దు. చేరే తేదీకి రెండు మూడు రోజులు ముందే మీరు, వదిన ఇద్దరూ ఆమెతో పోయి పీజీ చూసి, చుట్టుపక్కల తిరిగి రండి. మీ భయం తగ్గాలంటే మీరు ఆ వీధి చూడాలి. ఇన్సూరెన్స్‌లో మీ ఇద్దరి పేర్లు చేర్చుకునే వీలుందేమో అది కూడా అడిగించండి. ఇన్నీ చూశాక మనసు ఒప్పకపోతే పగటి షిఫ్టు ఉన్న ఇంకో ఉద్యోగం కోసం ఆగండి. అంతేగానీ, పెళ్లి చేసేస్తాం కదా ఇప్పుడు ఉద్యోగం ఎందుకు అని మాత్రం ఆపకండన్నా, ఆ పాప పద్దెనిమిదేళ్లు చదివింది.

(ఒక విద్యార్థిని: "మేడమ్, నాకు వచ్చే నెల మొదటి వారంలో జాయినింగ్. మాకు చివరి సెమిస్టర్ పరీక్ష ఒకటి ఆ తర్వాత ఉంది. అడిగితే ఆఫర్ తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.")

అడుగు తల్లీ. ఫ్రెషర్లకు పరీక్షల వల్ల తేదీ మార్చడం హెచ్ఆర్ వాళ్లకు మామూలు విషయం. ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే. సబ్జెక్ట్‌లో నీ పేరు, ఆఫర్ లెటర్ మీదున్న నంబరు. లోపల నాలుగు లైన్లు చాలు, పరీక్ష తేదీ, ఎప్పుడు చేరగలవో ఖచ్చితమైన తేదీ, హాల్ టికెట్ జతచేసి పంపు. రెండు రోజుల్లో జవాబు రాకపోతే అప్పుడు ఫోన్ చెయ్యి. ఫోన్ ఉందా చేతిలో? ఇటు రా, ఇప్పుడే రాసేద్దాం. అంతలో ఇంకెవరైనా ఆఫర్ లెటర్ తెచ్చుకుని ఉంటే ఈ టేబుల్ దగ్గరికి రండి, ఒక్కొక్కటి చదివి చూద్దాం.